ఉసురుగుట్ట మూసే పొద్దు

విరజానగరానికి ఉత్తరాన, మంచుగట్ల సీమ మొదలయ్యే చోట ఇనుపకోట ఉంది. నల్లరాతి బురుజులు, బురుజులపై బంగారు పూత పూసిన సింహాలు, ఆ సింహాల నోళ్లలోంచి రేయింబవళ్లు సుడులు తిరుగుతూ వెలువడే కర్పూర ధూపం, ద్వారబంధాలకు దంతపు చెక్కడాలు, తోరణాలకు పగడాల గుత్తులు! దూరంనుంచి చూసినవాడు ఏ గంధర్వుల విడిదో అనుకుని చేతులు జోడిస్తాడు. ఆ కర్పూరం ఎందుకు తగలేస్తున్నారో మాత్రం ఎవరూ అడగరు. లోపల కాలే ఒంటి వాసన బాటసారుల ముక్కుకు తగలకూడదని చండకేతు మహారాజుగారు చూపిన దయ అది!

ఆ కోట అడుగున, నేలమాళిగలో, చామన గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. డేగగణంలో అతనంత ఒడుపైన కత్తిగాడు లేడని పేరు. ఆ పేరు ఇప్పుడెందుకు? చేతులకు సంకెళ్లు. మొహమంతా కాలి, పుండై, ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది. పొగ మింగి మింగి గొంతు బొంగురుపోయింది. కట్టుకున్న పెళ్లాం చూసినా పోల్చుకోలేదు.

అసలు గొడవ కంబళి దగ్గర మొదలైంది. కొండగణాల వాళ్లు తమ గణపు చారల కంబళి కప్పుకోకూడదని, ఇంట్లో కత్తి ఉంచుకోకూడదని, ప్రతి దొరా తన కొడుకును రాజుగారి దగ్గర బందీగా పెట్టాలని శాసనం వచ్చింది. మర్నాడే మేకనెత్తుట ముంచిన కొరివి ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి పరుగెత్తింది. ఆ కొరివి గడప ముందుకు వచ్చిందంటే కత్తి పట్టగల ప్రతి మగాడూ లేవాలి. లేవనివాడి ఇంటి కప్పుకు ఆ కొరివే అంటిస్తారు. అందరూ లేచారు. తుమ్మబయలులో కంబళ్లు విప్పి పారేసి, ఒట్టి కాళ్లతో, కొమ్ముబూరలు ఊదుకుంటూ కొండవాలు మీంచి రాజసేన మీద పడ్డారు. ముందు వరస ఏనుగులు తొండాలెత్తి వెనక్కి తిరిగాయి కూడా!

అప్పుడు రాజుగారి మాంత్రికుడు భస్మాక్షుడు పిడికెడు బూడిద గాలిలోకి ఊదాడు. అది కంట్లో పడినవాడికి పక్కనున్న తమ్ముడే శత్రువులా కనిపించాడు. ఇక చెప్పేదేముంది! డేగలు డేగల్నే నరుక్కున్నారు. నరుక్కోగా మిగిలినవాళ్లను భటులు కట్టి ఇనుపకోటకు తోలుకొచ్చారు.

కోటలో భస్మాక్షుడు మొదట చేసిన పని ఖైదీలను ఒక్కొక్కణ్ణీ బల్లకు కట్టించి, మరిగే మైనం మొహం మీద పోయించడం. మైనం గడ్డకట్టాక చర్మంతో సహా ఊడబెరికి, ఆ తొడుగును పసిబిడ్డను చుట్టినంత జాగ్రత్తగా పట్టుగుడ్డలో చుట్టి దాచేవాడు. 'చిత్రహింస పెట్టడానికి వీడికి ఇంకో దారి దొరకలేదా' అనుకున్నాడు చామన. అంతకు మించి ఆలోచించలేదు. మొహం మండిపోతుంటే ఎవడు మాత్రం ఆలోచిస్తాడు?

పున్నమి ముందరి రోజున భటులు ఒక మనిషిని ఈడ్చుకొచ్చి చామన పక్కన పడేశారు. చూస్తే పోలమ! పక్క గుడిసెలో పుట్టి, ఒకే మేక పాలు తాగి, చామనతో పాటు కత్తి పట్టడం నేర్చినవాడు. కడుపులో ఈటె దిగిన గాయం. ఊపిరి ఎగశ్వాసగా ఉంది. మొహం మాత్రం ఒక్క బొబ్బ లేకుండా నున్నగా ఉంది. 'పోనీలే, వీడి మొహమైనా మిగిలింది' అని చామన సంతోషించాడు. వెర్రిబాగులవాడు!

"చామనా, నా పని అయిపోయిందిరా."

"నోర్మూసుకుని పడుకో. ఏం కాదు."

"కాదు. నా రాయి గుర్తు విను. మా అమ్మకు చెప్పాలి గదా."

ఈ రాయి సంగతి తెలియకపోతే ఇక ముందు జరిగేది అర్థం కాదు, కాబట్టి వినండి. డేగగణం కాపురముండే డేగవాడ పైన కనుమలో ఉసురుగుట్ట అని ఒక రాళ్లగుట్ట ఉంది. యుద్ధానికి వెళ్లే ప్రతి వీరుడూ ఏటిరాయి ఒకటి తెచ్చి, దాని అడుగున ఎవరూ చూడకుండా కత్తిమొనతో ఒక గుర్తు గీసి, ఆ గుట్టలో పెట్టి వెళ్తాడు. తిరిగొచ్చాక దొర ముందు ఆ గుర్తు పైకి చెప్పి, రాయి తిప్పి చూపించాలి. దగ్గరి చుట్టం ఒకరు ముందుకొచ్చి "మావాడే" అనాలి. అప్పుడే అతను బతికి వచ్చినట్టు. యుద్ధం తరవాత వచ్చే పున్నమి పొద్దు గుంకేసరికి ఎవరి రాయి గుట్టలో మిగిలితే వాడు చచ్చినట్టే. దొర గుట్ట మీద పాలు పోసి, మట్టి మెత్తి మూసేస్తాడు. ఆ తరవాత అదే పేరు చెప్పుకుని ఎవడైనా వస్తే వాడు మనిషి కాడు, దయ్యం. కనిపించిన చోటే నరకాలి. ఒకరు ఎత్తేసిన రాయి నాదంటూ ఇంకొకడొచ్చినా అంతే. తాతల కాలంలో మాంత్రికులు చచ్చినవాళ్ల రూపాల్లో పిశాచాలను పంపి సగం గూడేన్ని పీక్కుతినిపించారట. అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు ఇది.

గుర్తు పెళ్లానికి కూడా చెప్పరు. చచ్చేవాడు మాత్రం పక్కనున్న తోటివాడికి చెప్పవచ్చు. విన్నవాడు తన గుర్తు కూడా తిరిగి చెప్పాలి. చెప్పకపోతే పోయేవాడి ప్రాణం ఒంటరిగా పోతుందని వాళ్ల నమ్మకం.

"ఎద్దుకొమ్ము, దాని కింద రెండు చుక్కలు. పడమటి వైపు, ఎర్రరాయి," అన్నాడు పోలమ.

చామనకు ఏడుపు ముంచుకొచ్చింది. స్నేహితుడి చెవిలో మెల్లగా చెప్పాడు. "నాది పారే ఏరు, ఏటికి అడ్డంగా బాణం. తూర్పు వైపు, నల్లరాయి. హాయిగా పోరా తమ్ముడూ."

పోలమ నవ్వుతూ కన్ను మూశాడు. భటులు వచ్చి కాళ్లు పట్టుకుని ఈడ్చుకుపోయారు.

పున్నమినాడు పొద్దున ఖైదీలందరినీ బండ్లకెక్కించారు. కోటవాకిట నెమలిపింఛాల గొడుగు కింద భస్మాక్షుడు నిలబడి ఉన్నాడు. ఒంటినిండా చందనం, మెడలో జాజిదండలు, జవ్వాది ఘుమఘుమలు. పెళ్లికి వచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు గాని, కళ్లలో నల్లగుడ్లు లేవు. రెండు గుంటల్లో చల్లారిన బూడిద.

"ఆయుష్మంతులారా! మహారాజుగారు మిమ్మల్ని విడిచిపెట్టమన్నారు," అన్నాడు తేనె ఒలకబోస్తూ.

బండ్లలో అలజడి రేగింది.

"తొందరపడకండి. పొద్దు గుంకేదాకా ఏటిరేవు దగ్గర మా అతిథులుగా ఉండండి. గుంకిన మరుక్షణం మీ కొండ మీరెక్కవచ్చు. పైన మీ అమ్మలు, మీ పెళ్లాలు కత్తులు నూరుకుని కాచుకుని ఉంటారు. మీ నెత్తురు మా కత్తులకు అంటడం మహారాజుగారికి ఇష్టం లేదు. ఎక్కనివాడికి రేవులోనే కొరత కొయ్యలు నాటించాను. ఏది కావాలో మీ ఇష్టం!"

ఒకడు వాంతి చేసుకున్నాడు. చామన లెక్క వేసుకున్నాడు. పొద్దు గుంకేలోగా కొండెక్కి తన రాయి తాను ఎత్తుకోవాలి. ఎత్తితే బతికినవాడి మాటగా దొరతో చెప్పి గుట్ట మూయకుండా ఆపవచ్చు. లేకపోతే ఇంతమందినీ సొంతవాళ్లే నరికి పోగులు పెడతారు. అతనికి ఇక వేరే ఆలోచన లేదు.

చివరి బండిలో చామనతో పాటు ముసలి వీరుడొకడు ఉన్నాడు. రెండు కాళ్లూ మోకాళ్ల కింద విరగ్గొట్టారు. బండి లోయ అంచున మలుపు తిరుగుతుంటే ముసలాడు చక్రం వైపు ఒరిగి, పళ్లతో ఏదో పీకుతున్నాడు.

"తాతా, ఏం చేస్తున్నావ్?"

"ఇరుసు సీల," అన్నాడు ముసలాడు చెక్కపేళ్లు ఉమ్మేసి. "కింద ఏరు లోతుగా ఉంటుంది. నీకు కాళ్లున్నాయి, ఈదుకో. నేను బండితో పోతా."

"అది కాదు తాతా..."

"వాదించడానికి ఇదేనట్రా సమయం!"

సీల ఊడింది. చక్రం దొర్లిపోయింది. బండి పక్కకు ఒరిగి, ఎడ్లు రంకెలు వేస్తుండగా లోయలోకి వేలాడింది. భటులు ఎడ్ల పలుపులు తెగ్గోసి ఎడ్లను దక్కించుకున్నారు. మనుషుల్ని పట్టించుకున్న నాథుడు లేడు. బండి రాళ్లకు కొట్టుకుంటూ పోయి ఏట్లో పడింది. చామన నీళ్లు మింగుతూ, సంకెళ్ల బరువుకు మునుగుతూ, తేలుతూ కొట్టుకుపోయాడు. ముసలాడు మళ్లీ పైకి తేలలేదు.

ఒక బండకు తగులుకుని చామన ఒడ్డున పడ్డాడు. సంకెళ్లను బండకేసి కొట్టి కొట్టి తెంచాడు. తెగేసరికి మణికట్లు ఎముక దాకా ఒలిచుకుపోయాయి. తలెత్తితే ఎదురుగా కడవతో నీళ్లు ముంచుకుంటున్న మనిషి కనిపించాడు. నెత్తి నుంచి పాదాల దాకా బూడిదరంగు ముసుగు. భస్మాక్షుడి ఊడిగంలో ఉండేవాళ్లు ఇలాగే ఉంటారు. రహస్యాలు బయటపడకుండా వాళ్లందరి నాలుకలూ కోసేస్తాడు. వాడు కేక పెట్టడానికి నోరు తెరిచాడు, రాలేదు. చామన తెగిన సంకెలతో వాడి మెడ బిగించాడు. కాళ్లు తన్నుకోవడం ఆగాక ముసుగు విప్పి తాను కప్పుకున్నాడు, కడవ భుజానికెత్తుకున్నాడు.

కొండ చేరాలంటే రేవు దాటడమొక్కటే దారి. రేవంతా గుడారాలు, పతాకాలు, వరసగా నాటిన కొరతలు. అడ్డొచ్చిన భటులు ముసుగు చూసి తప్పుకున్నారు. ఇక నాలుగడుగులు వేస్తే నీళ్లనగా వెనకనుంచి తియ్యటి గొంతు పలికింది.

"ఒరే, ఇలా రా."

భస్మాక్షుడు! చామన తిరిగి, తలవంచి నిలబడ్డాడు. మాంత్రికుడు ముందున్న ఖైదీని చూపించాడు. మొహం కాలి ముద్దైపోయిన మనిషి, నేల మీద బోర్లా పడి ఉన్నాడు.

"ఈ పెద్దమనిషికి నడవడానికి బద్ధకంగా ఉందట. కొండెక్కాల్సినవాళ్లలో ఇతనే మొదటివాడు, పొద్దు గుంకగానే గుట్ట దగ్గర ఉండేలా ఇప్పుడే కాపలాతో సగం బాట ఎక్కించి నిలపాలి. కాస్త హుషారు తెప్పించు," అంటూ కొరడా అందించాడు.

చామన కొరడా ఎత్తి కొట్టాడు.

"అదేమిట్రా, ఈగల్ని తోలుతున్నావా?"

మళ్లీ కొట్టాడు. చర్మం చిట్లింది. ఇంకా బలంగా కొట్టాడు. ముసుగులోపల కన్నీళ్లు పుండ్ల మీద పడి నిప్పులా మండాయి. తనవాణ్ణి తన చేత్తో గొడ్డును బాదినట్టు బాదాడు. ఆ మనిషి ఒక్క తిట్టు తిట్టలేదు. చివరి దెబ్బకు మాత్రం "అమ్మా" అంటూ లేచి నిలబడ్డాడు.

"చూశావా, లేచాడు!" అని భస్మాక్షుడు ముచ్చటపడి తాంబూలం నోట్లో వేసుకున్నాడు. "నువ్వు పో."

చామన పోయాడు. రేవు దాటి, పొదల చాటుకు చేరాక ముసుగు చించి పారేసి కొండకు అడ్డంపడి ఎక్కాడు. బాట మీద వెళ్తే పొద్దు చాలదు. మేకలు కూడా మొహం తిప్పుకునే నిట్టనిలువు బండ మీద, వేళ్లు పట్టుకుని, పగుళ్లలో గోళ్లు దిగేసి పాకాడు. డేగ ఒకటి గూటి మీదికొచ్చాడని కోపంతో వీపు చీరింది. వాళ్ల గణదేవతే అది! చామన దానికి దండం పెట్టలేదు సరిగదా, బండబూతులు తిట్టాడు. పట్టు తప్పి జారి, చెట్టువేరుకు వేలాడి, మళ్లీ ఎగబాకాడు.

పైన కనుమ అంతా అస్తమించబోయే వెలుగులో కుంకుమారబోసినట్టుంది. రెండు కొండకొమ్ముల నడుమ ఉసురుగుట్ట. దాని చుట్టూ నలుపు, ఎరుపు చారల కంబళ్లు కప్పుకున్న ఆడవాళ్లు, ముసలివాళ్లు. శాసనం కాలదన్ని గణమంతా కంబళ్లలోనే వచ్చింది. కొమ్ములూదేవాళ్లు కొమ్ములు దించి నిలబడ్డారు. విలుకాళ్లు బాణాలు ఎక్కుపెట్టి ఉన్నారు. గుట్ట ముందు పాలకుండతో గండమదొర. ఒంటికన్ను, నడుము దాకా తెల్లటి గడ్డం. ఆ గుట్టలో ఆయన ఇద్దరు కొడుకుల రాళ్లూ ఉన్నాయి. ఎంత కట్టుబాటు మనిషో దీన్నిబట్టే తెలుసుకోండి.

చామన అరవబోయాడు. ఈలోగా అతని చూపు గుట్ట తూర్పు వైపుకు పోయింది. నల్లరాయి ఉండాల్సిన చోట గుంట ఉంది.

జనంలోంచి ఒక మనిషి ముందుకొచ్చాడు. కొత్త కంబళి, నడుముకు కత్తి, నూనె రాసి దువ్విన జుట్టు. అతని భుజానికి ఆనుకుని చామన పెళ్లాం నీలిసాని నిలబడి ఉంది. ఎన్నాళ్లకో మొగుడు దొరికిన ఆనందంలో ఆమె మొహం వెలిగిపోతోంది. ఆ మొగుడి మొహం చామనదే! మచ్చ లేకుండా, బొబ్బ లేకుండా, చామన మొహం చామన వైపు చూసి కనుబొమ్మలెగరేసింది.

మైనపు తొడుగులు! మొహాలు కాల్చింది హింస కోసం కాదు. ఆ తొడుగు తగిలించుకున్నవాడికి ఆ మొహం వస్తుంది. చెరలో ప్రతివాడి మొహమూ కాలిపోతే పోలమదొక్కటే నున్నగా ఎందుకుందని తను అడగలేదే! ఆ చచ్చినవాడు పోలమ కాదు, పోలమ తొడుగు తగిలించుకుని చచ్చినట్టు నటించిన వీడే. తన గుర్తు తనే చెప్పి, తమ్ముడూ అని పిలిచి మరీ పంపాడు.

"ఎవర్రా అది? ఆగు అక్కడే! పేరు చెప్పు, రాయెత్తు. పొద్దు గుంకుతోంది," అని గర్జించాడు గండమదొర.

పేరు చెప్పాలి. 'చామన' అన్నాడో, గొంతులో మాట పూర్తయ్యేలోగా ఒంట్లో బాణాలు దిగుతాయి. గణం లెక్కలో చామన ఇప్పటికే రాయెత్తాడు, నీలిసాని మావాడే అంది, ఇక ఆ పేరుతో వచ్చే రెండోవాడు దయ్యం. కట్టుబాటు అంతే. మరి ఎవరని చెప్పాలి? అతనికి తెలిసిన గుర్తు ఇంకొక్కటే ఉంది. అది నిజమో, ఆ దొంగవెధవ కల్పించి చెప్పాడో తెలియదు.

"పోలమని," అన్నాడు బొంగురుగొంతుతో. "సిరిగమ్మ కొడుకుని."

జనం గుసగుసలాడారు. కొత్త కంబళివాడి నవ్వు ఒక్క క్షణం ఆగింది.

"గుర్తు?"

"పడమటి వైపు ఎర్రరాయి. ఎద్దుకొమ్ము, కింద రెండు చుక్కలు."

దొర వంగి ఎర్రరాయి తీశాడు. తిప్పాడు. పైకెత్తి అందరికీ చూపించాడు. ఎద్దుకొమ్ము, కింద రెండు చుక్కలు. చామన ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వెంటనే గుండె కలుక్కుమంది. చచ్చినా పెదవి విప్పని మొండివాడు పోలమ. వాడి నోటనే గుర్తు చెప్పించారంటే వాణ్ణి ఏమేం చేసి ఉంటారు?

"సిరిగమ్మా! నీవాడేనా, చూసి చెప్పు."

జనం దారి ఇచ్చారు. సిరిగమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. మొగుణ్ణి ఒక యుద్ధానికి, పెద్దకొడుకును ఇంకో యుద్ధానికి ఇచ్చిన మనిషి. మిగిలింది పోలమే. ఆమె చామన కాలిన మొహం చూసి "అయ్యో నా తండ్రీ, ఎంత పని చేశార్రా" అంటూ రెండు చేతులూ మెడ చుట్టూ వేసింది. వేళ్లు మెడ వెనక్కి, జుట్టులోకి పోయాయి. అక్కడ పోలమకు చిన్నప్పుడు అడవిపంది కోర దిగి పడ్డ గుంట ఉంటుంది. ఒళ్లో వేసుకుని పేలు చూసిన తల్లికి తప్ప ఎవరికీ తెలియని గుంట. ఆమె వేళ్లు వెతికాయి, వెతికి ఆగిపోయాయి.

"నేను చామనని పెద్దమ్మా," అన్నాడతను పెదవి కదపకుండా, ఆమె చెవిలో. "అక్కడున్నవాడు మాంత్రికుడి మనిషి. నన్ను కాదంటే ఇప్పుడే చంపుతారు. మనవాళ్లందర్నీ చంపిస్తారు."

ముసలామె ఒళ్లు వణికింది. గొంతు మాత్రం వణకలేదు. "నా కొడుకు?"

నిజంగా అతనికి తెలియదు. తెలియదంటే ఆమె ఒప్పుకోదు. కొడుకు బతికే అవకాశం గోరంత ఉన్నా ఏ తల్లి వాడి రాయి పరాయివాడి చేతికిస్తుంది? అవతల సూర్యబింబం కొండకొమ్మును తాకింది. అక్కడ రేవులో అంతమంది ప్రాణాలు.

"చచ్చిపోయాడు పెద్దమ్మా. నా ఒళ్లోనే పోయాడు," అన్నాడు చామన.

సిరిగమ్మ కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి, అతని మెడ వదలకుండానే, జనం వైపు తిరిగింది.

"మావాడే," అంది గట్టిగా.

కొమ్ములు ఊదారు. చామన ఎర్రరాయి గుండెకు హత్తుకుని దొర కాళ్ల మీద పడ్డాడు. "దొరా, గుట్ట మూయకండి! మనవాళ్లు బతికే ఉన్నారు. రేవులో పట్టి ఉంచారు. పొద్దు గుంకాక వదిలి మన చేత్తోనే చంపించాలని చూస్తున్నారు. నా కళ్లతో చూసి వచ్చా!"

గండమదొర ఒంటికన్ను మిలమిలలాడింది. పాలకుండ పట్టుకున్న చేయి దిగింది. ఇద్దరు కొడుకుల తండ్రి ఆ కంటిలో ఒక్క క్షణం కనిపించాడు.

"రేవు మీదుగానే నేనూ వచ్చా దొరా," అన్నాడు చామన మొహం పెట్టుకున్నవాడు, వినయంగా చేతులు కట్టుకుని. "తుమ్మబయలులో మీ కొడుకులిద్దరూ నా ముందే కూలారు. ఆ శవాల్నే మాంత్రికుడు లేపి నిలబెట్టాడు. కళ్లారా చూశా. పాపం, పోలమ దెబ్బలు తిని ఉన్నాడు, తెలియక చెప్తున్నాడు."

దొర తల వంచుకున్నాడు. "కట్టుబాటు మనకోసం మారదురా పోలమా," అని కుండ వంచాడు. పాలు రాళ్ల మీద తెల్లగా జారి, సందుల్లోకి ఇంకిపోయాయి. సూర్యుడు గుంకాడు. ఆడవాళ్లు ఏడుస్తూ మట్టి మెత్తారు. నీలిసాని తన పక్కనున్నవాడి మొహం చీరకొంగుతో తుడిచింది. చామన అది కూడా చూశాడు. చూస్తూ నిలబడటం తప్ప ఏం చేయగలడు? అతనిప్పుడు పోలమ.

అప్పుడు వినిపించింది, కింద బాట మీంచి.

"అమ్మా!"

అందరూ అటు తిరిగారు. మసక వెలుగులో ఒక మనిషి తూలుతూ ఎక్కి వస్తున్నాడు. మొహం కాలిన ముద్ద. వీపు మీంచి నెత్తురు కారుతోంది. చామన పోల్చుకున్నాడు. ఆ గొంతు, ఆ "అమ్మా" అన్న కేక, మధ్యాహ్నం తన కొరడా కింద విన్నదే.

"అమ్మా, పోలమనే! పొద్దింకా పూర్తిగా పోలేదే! నా రాయి ఎత్తనివ్వవే!"

పక్కనున్న సిరిగమ్మ చేయి చామన మెడ మీద పడి బిగిసింది.

గండమదొర తన కత్తి దూసి చామన చేతిలో పెట్టాడు. "నీ పేరు పెట్టుకుని వచ్చింది దయ్యం. ఎవరి పేరుతో వస్తే వాళ్లే నరకాలి. కానివ్వు."

"బలహీనంగా ఉన్నాడు, నేను తోడెళ్తా దొరా," అంటూ దొంగచామన కూడా కత్తి దూసి, అతని వెనకాల వచ్చి నిలబడ్డాడు. వెచ్చటి ఊపిరి చామన మెడకు తగిలింది. "నరకరా తమ్ముడూ," అన్నాడు చెవిలో. "నువ్వు నరక్కపోతే నువ్వెవరో నేనే చెప్తా. ఇద్దర్నీ నరుకుతారు. ముసల్దాన్ని కూడా."

విలుకాళ్లు నారి సారించారు. చామన ఒక అడుగు దిగాడు. ఇంకో అడుగు దిగాడు. కిందనుంచి పోలమ చేతులు చాచుకుని, కుంటుకుంటూ, తల్లి కోసమే చూస్తూ ఎక్కి వస్తున్నాడు. ముందు పోలమ, వెనక తన మొహం తొడుక్కున్న రాక్షసుడు, చేతిలో ఒకే కత్తి. పిడి చెమటకు జారుతోంది.

వెనకనుంచి సిరిగమ్మ గొంతు వినిపించింది. అరవలేదు, ఏడవలేదు, జనానికి వినపడనంత మెల్లగా అంది.

"చచ్చిపోయాడన్నావు కదరా, చామనా."